ఉద్యోగ వివక్షయు నష్టపరిహారమును

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, విస్కాన్సిన్ రాష్ట్రమందలి మానిటొవాక్ అను చిన్న పట్టణమున, వాల్‌మార్ట్ దుకాణములో పదునారేండ్లు పనిచేసిన ఒక స్త్రీ, డౌన్ సిండ్రోమ్ అను జన్మసిద్ధమైన వైకల్యము కారణముగా, క్రొత్తగా మార్చిన పనివేళలకు అలవాటుపడలేక, తన పూర్వపు వేళలను తనకు తిరిగి ఇప్పింపుడని వేడుకొని, ఆ వేడుకోలు చెల్లక, తుదకు ఉద్యోగమునే పోగొట్టుకొనెను. ఆమె పక్షమున ప్రభుత్వ సంస్థ నడపిన దావాలో 2021 జూలై నెలయందు గ్రీన్‌బే నగరపు ఫెడరల్ కోర్టు జ్యూరీ ఆమె వేదనకు లక్షన్నర డాలరులను, సంస్థ చేసిన తప్పునకు దండనగా పండ్రెండున్నర కోట్ల డాలరులను ఈయవలసినదని తీర్మానించెను. న్యాయమూర్తి ఆ మొత్తమునంతను 3,00,000 డాలరులకు తగ్గించెను. ఆయన స్వేచ్ఛానుసారముగా తగ్గించినది కాదు. అయిదువందలమందికి మించి పనివారు గల యజమాని ఎంతటి అన్యాయము చేసినను, మనోవేదనకును దండనకును కలిపి అంతకు మించి చెల్లింపనక్కరలేదని 1991వ సంవత్సరపు చట్టమే శాసించుచున్నది. ఆ పరిమితి సంగతిని జ్యూరీకి తెలుపరాదని కూడ అదే చట్టము నిషేధించుచున్నందున, ఆ సభ్యులు సాక్ష్యములు విని, తమలో తాము తర్కించుకొని, మనస్సాక్షిగా నిర్ణయించిన మొత్తము ఎన్నటికిని చెల్లింపబడదని వారికి తెలియనే తెలియదు.

ఏ హక్కునకైనను, అది భంగమైననాడు లభించు పరిహారమే గీటురాయి. ఉద్యోగములలో భేదభావము కూడదని చెప్పని నాగరికదేశము నేడు దాదాపుగా లేదు; కాని భేదభావమునకు గురియైన పనివానికి ఏమి దక్కును, ఎవరు చెల్లింతురు, ఎన్ని దినములలోపల అడుగవలెను, ఎంతకు మించి అడుగరాదు అను ప్రశ్నలకు వచ్చు సమాధానములే ఆ వాగ్దానము సత్యమో కాదో తేల్చును. ఈ విషయమై విస్తారమైన అనుభవము గడించినది అమెరికా న్యాయశాస్త్రము. తెలుగుదేశమునుండి వెళ్లి అక్కడ కొలువులు చేయుచున్నవారి సంఖ్యయు అల్పము కాదు. కావున ఆ దేశపు స్థితిని ప్రధానముగా పరిశీలించి, ఇంగ్లండునందును మన దేశమునందును ఉన్న స్థితిని దానితో పోల్చి చూచుట ఈ వ్యాసమున నేను తలపెట్టిన పని.

1964 జూలై 2వ తేదీన అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకము చేసిన పౌరహక్కుల చట్టములోని ఏడవ అధ్యాయము, జాతి, వర్ణము, మతము, లింగము, జాతీయమూలము అను అయిదింటిలో దేనిని బట్టియు ఉద్యోగమిచ్చుటలోగాని, తీసివేయుటలోగాని, జీతభత్యములలోగాని భేదము చూపరాదని విధించెను. వీనిలో లింగము అను మాట మొదటి బిల్లులో లేదు. ఆ బిల్లునకు విరోధియైన వర్జీనియా సభ్యుడు హోవర్డ్ స్మిత్ తెచ్చిన సవరణవలన అది చేరెను. విరోధి చేర్చిన ఆ ఒక్క మాటయే తరువాతి అర్ధశతాబ్దములో కోట్లాది స్త్రీలకు ఆధారమయ్యెను. వయస్సును బట్టి చూపు వివక్షను నిషేధించు చట్టము 1967లోను, వైకల్యమును బట్టి చూపు వివక్షను నిషేధించు చట్టము 1990లోను వచ్చినవి. ఈఈఓసీ అని వ్యవహరింపబడు సమానోద్యోగావకాశ సంఘము 1965లో పని ప్రారంభించినను, తానై కోర్టుకెక్కి దావా వేయు అధికారము దానికి 1972 వరకు లేకుండెను.

ఆ తొలి చట్టము నష్టపరిహారము విషయమున మిక్కిలి లోభము చూపినది. 1935 నాటి కార్మిక సంబంధముల చట్టమునుండి అరువు తెచ్చుకొన్న మాటలతో, కోర్టు అన్యాయమును ఆపుమని ఆజ్ఞాపింపవచ్చుననియు, తీసివేసినవానిని తిరిగి ఉద్యోగములోనికి తీసికొనుమనవచ్చుననియు, నడుమ పోయిన జీతమును బకాయి వేతనముగా ఇప్పింపవచ్చుననియు మాత్రమే అది చెప్పెను. ఆ బకాయినుండి కూడ, పనివాడు ఆ మధ్యకాలములో మరియొకచోట సంపాదించినదియు, తగిన ప్రయత్నము చేసినచో సంపాదించి యుండదగినదియు తీసివేయబడును. అవమానమునకు, నిద్రలేని రాత్రులకు, చెదిరిన కాపురమునకు అందు చోటు లేదు. జ్యూరీ విచారణయు లేదు. ఫలితమేమనగా, పై అధికారి లైంగిక వేధింపులకు లోనై, ఉద్యోగము వదలక జీతము తీసికొనుచునే యేండ్ల తరబడి నరకమనుభవించిన స్త్రీ గెలిచినను, ఆమెకు ఆ చట్టము క్రింద దక్కునది ఒట్టి ఆజ్ఞాపత్రము మాత్రమే. జీతము పోలేదు గనుక బకాయి లేదు, బకాయి లేదు గనుక పరిహారము లేదు.

ఇట్టి ఇరుకు పరిధిలోనే అమెరికా సుప్రీంకోర్టు 1970 దశకములో రెండు మహత్తరమైన తీర్పులు చెప్పెను. ఉత్తర కెరొలైనాలోని డ్రేపర్ గ్రామమున డ్యూక్ పవర్ కంపెనీ విద్యుత్కేంద్రములో నల్లవారిని ఊడ్చుట, మోయుట మొదలైన పనులుగల ఒక్క శాఖకే పరిమితము చేసియుండిరి. ఆ శాఖలోని అత్యధిక వేతనము తక్కిన శాఖలలోని అత్యల్ప వేతనముకన్న తక్కువ. చట్టము అమలులోనికి వచ్చిన దినమునుండియే ఆ కంపెనీ, ఇతర శాఖలలో చేరగోరువారు హైస్కూలు పట్టముతోబాటు రెండు బుద్ధి పరీక్షలలోను నెగ్గవలెనని నియమము పెట్టెను. బొగ్గు ఎత్తుటకును ఆ పరీక్షలకును సంబంధమేమి? 1971లో గ్రిగ్స్ వ్యాజ్యమున న్యాయమూర్తులందరు ఏకకంఠముగా, పైకి అందరికి సమానముగా కానవచ్చు నియమమైనను, పనికి అవసరము లేనిదై, ఒక వర్గమును వెలివేయు ఫలితమునిచ్చినచో అదియు వివక్షయేనని తేల్చిరి. 1975లో అల్బెమార్ల్ కాగితపు కంపెనీ వ్యాజ్యమున అదే కోర్టు, వివక్ష ఋజువైన పిమ్మట బకాయి వేతనము ఇప్పించుటయే నియమము, ఇప్పింపకుండుట అపవాదము అనియు, యజమానికి దురుద్దేశము లేదనుట దానిని ఎగవేయుటకు చాలదనియు స్పష్టపరచెను. అన్యాయము జరుగకుండినచో ఏ స్థితిలో ఉండెడివాడో ఆ స్థితికి పనివానిని చేర్చుటయే చట్టము ఉద్దేశమని ఆ తీర్పు చెప్పుచున్నది. ఇంతకన్న ఉదాత్తమైన ఆదర్శమును ఏ న్యాయస్థానమును ప్రకటింపజాలదు. ఆ ఆదర్శమును ఆచరణలో కుదించినవి ఏవియో చూతము.

మొదటిది ఋజువు భారము. యజమాని మనస్సులోని ఉద్దేశమును పనివాడు చూపింపవలెను. దస్త్రములన్నియు యజమానియొద్దనే ఉండును. 1973 నాటి మెక్‌డానెల్ డగ్లస్ తీర్పు ఇందుకొక క్రమమును ఏర్పరచెను: తనకు అర్హత యున్నను ఉద్యోగము రాలేదని వాది ప్రాథమికముగా చూపిన పిమ్మట, యజమాని ఒక న్యాయమైన కారణము చెప్పవలెను; చెప్పినచో అది ఒట్టి సాకని వాదియే తిరిగి నిరూపింపవలెను. ఈ మూడవ మెట్టుననే వేలకొలది దావాలు జ్యూరీ ముఖము చూడకుండ కొట్టివేయబడుచున్నవి.

అయినను నిలిచి గెలిచినవారు లేకపోలేదు. ప్రైస్ వాటర్‌హౌస్ అను లెక్కల సంస్థలో 1982లో భాగస్వామిత్వమునకు ప్రతిపాదింపబడిన 88 మందిలో ఆన్ హాప్కిన్స్ ఒక్కతయే స్త్రీ. కోట్ల డాలరుల ప్రభుత్వ కాంట్రాక్టును సంస్థకు తెచ్చినదైనను, స్త్రీసహజమైన నడక, మాట, అలంకారము ఆమెకు లేవన్న నెపమున ఆమెను పక్కనపెట్టిరి. ఈ వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1989లో, స్త్రీ ఇట్లుండవలెనన్న ముందస్తు అచ్చులో ఇమడలేదని పదవి నిరాకరించుట కూడ వివక్షయేనని చెప్పెను. 1990లో వాషింగ్టన్ న్యాయమూర్తి ఆమెను భాగస్వామిగా తీసికొనుమని ఆజ్ఞాపించి, సుమారు 3,71,000 డాలరుల బకాయి కూడ ఇప్పించెను. ఆమె అదే సంస్థకు తిరిగి వెళ్లి, పదవీవిరమణ వరకు అచటనే తలయెత్తుకొని పనిచేసెను. పోయిన పదవినే తిరిగి పొందుట అను ఈ పరిహారము చట్టములో మొదట పేర్కొనబడినదైనను, ఆచరణలో మిక్కిలి అరుదు. ఇరుపక్షముల నడుమ వైరము ముదిరినదని చెప్పి, కోర్టులు తరచుగా దానికి బదులు రాబోవు కాలమునకు కొంత భావి వేతనము లెక్కగట్టి ఇప్పించుచున్నవి. జీతమునే గాక పనిని కూడ ప్రేమించిన మనిషికి ఆ సొమ్ము సరిపోవునా అను ప్రశ్న న్యాయశాస్త్ర గ్రంథములలో అంతగా కానరాదు. హాప్కిన్స్ జీవితమునుబట్టి చూడగా సరిపోదనియే నా నిశ్చితాభిప్రాయము.

1991 నవంబరులో అధ్యక్షుడు జార్జి బుష్ సంతకము చేసిన క్రొత్త పౌరహక్కుల చట్టముతో మనోవేదనకు పరిహారము, దండన పరిహారము, జ్యూరీ విచారణ అను మూడును వచ్చినవి. కాని రాజీలో భాగముగా ఒక పట్టికయు వచ్చినది. పదునైదుగురు మొదలు నూరుమంది వరకు పనివారు గల యజమాని 50,000 డాలరులు, రెండువందలమంది వరకు గలవాడు 1,00,000, అయిదువందలమంది వరకు గలవాడు 2,00,000, ఆపైన ఎంతటి సంస్థయైనను 3,00,000 డాలరులు. ఇంతకు మించి వేదనకును దండనకును కలిపి ఇప్పింపరాదు. బకాయి వేతనము ఈ లెక్కలోనికి రాదు. భావి వేతనము కూడ రాదని 2001లో పొలార్డ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు తేల్చెను. మెంఫిస్ నగరమందలి డూపాంట్ కర్మాగారములో తోటి మగ పనివారి వేధింపులు పడలేక జబ్బుపడి ఉద్యోగము కోల్పోయిన స్త్రీ వ్యాజ్యమది. 3,00,000 డాలరులు ఆమె నష్టమునకు చాలవని క్రింది కోర్టు న్యాయమూర్తి స్వయముగా వ్రాసియు, చట్టమునకు కట్టుబడి అంతే ఇప్పించియుండెను.

ఈ పట్టికలోని అన్యాయము పలుముఖములది. ఒకే విధమైన అవమానము పొందిన ఇద్దరు పనివారిలో, చిన్న సంస్థలోనివాని వేదనకు పెద్ద సంస్థలోనివాని వేదనలో ఆరవవంతు విలువ. ఇది చిన్న యజమానిని కాపాడుటకని సమాధానపడవచ్చును. కాని పెద్ద సంస్థకు కూడ పరిమితి ఎందులకు? లక్షలాది పనివారు గల సంస్థకు 3,00,000 డాలరులు దండన కాదు, దినభత్యపు ఖర్చువంటిది. పైగా ఆ అంకె 1991 తరువాత ఒక్క డాలరైనను పెరుగలేదు. నాటి 3,00,000 డాలరుల కొనుగోలు శక్తి నేడు కావలెనన్నచో ఆరున్నర లక్షలకు పైబడి కావలెను. జాతి వివక్షకు మాత్రము ఈ పరిమితి లేదు. బానిసత్వ నిర్మూలనమైన మరుసటి సంవత్సరము, అనగా 1866లో, నల్లవారికి తెల్లవారితో సమానముగా ఒప్పందములు చేసికొను హక్కునిచ్చిన శాసనము నేటికిని జీవించియున్నది. దానిక్రింద వేసిన దావాకు గరిష్ఠ పరిమితి ఏదియు లేదు. కాలిఫోర్నియాలోని టెస్లా కర్మాగారమున జాతిదూషణలకు గురియైన ఒక నల్లజాతి పనివానికి 2021లో జ్యూరీ 13 కోట్ల 70 లక్షల డాలరులు ఇప్పించుట అందువలననే సాధ్యమయ్యెను. న్యాయమూర్తి దానిని ఒకటిన్నర కోటికి తగ్గింపగా, పనివాడు అంగీకరింపక తిరిగి విచారణ కోరి, 2023లో రెండవ జ్యూరీవలన సుమారు 32 లక్షలు మాత్రము పొందగలిగెను. కోర్టులకు అధికమనిపించిన మొత్తమును తగ్గించు ఉపాయము ముందే యున్నదని ఇందువలన తెలియుచున్నది; అట్టియెడ శాసనపు పట్టిక దేనికి? నల్లవానికి పరిమితి లేదు, స్త్రీకి, వికలాంగునకు, మతమువలన బాధపడినవానికి ఉన్నది. ఈ భేదమునకు హేతువు న్యాయములో లేదు, 1991 నాటి రాజకీయ బేరములోనే యున్నది.

అమెరికా ఈ పట్టికను శాసించిన రెండేండ్లలోపలనే ఐరోపా న్యాయస్థానము సరిగా దీనికి విరుద్ధమైన మార్గము త్రొక్కెను. ఇంగ్లండులో ఆరోగ్యశాఖ ఉద్యోగినియైన మార్షల్‌ను పురుషులకన్న ముందుగా పదవీవిరమణ చేయించిరి. ఆమె నష్టమును ట్రిబ్యునల్ 18,405 పౌండులుగా లెక్కగట్టినను, నాటి బ్రిటిషు చట్టములోని పరిమితి 6,250 పౌండులు మాత్రమే. సమానత్వమను హక్కునకు పూర్తి పరిహారము లేనిచో ఆ హక్కు ఫలవంతము కాజాలదని 1993 ఆగస్టులో ఐరోపా న్యాయస్థానము తీర్పునిచ్చి ఆ పరిమితిని త్రోసివేసెను. నాటినుండి అక్కడ వివక్ష దావాలకు గరిష్ఠ పరిమితి లేదు. 2002 నాటి వెంటో తీర్పు మానసిక బాధను తీవ్రతను బట్టి మూడు తరగతులుగా విభజించి, ఒక్కొక్క తరగతికి ఉజ్జాయింపు మొత్తములను సూచించెను, ఆ మొత్తములను ధరలతోపాటు తరువాతి కాలమున పెంచుచునే యున్నారు. పరిమితి తొలగినందున ఇంగ్లండులోని వ్యాపారములు కూలిపోలేదు.

మరల అమెరికాకు వచ్చినచో, అచట పరిహారపు పరిమితికి తోడు కాలనియమమును కలదు. వివక్ష జరిగిన 180 దినములలోపల, రాష్ట్రమునకు స్వంత సంస్థయున్నచోట 300 దినములలోపల, ఈఈఓసీకి ఫిర్యాదు చేయవలెను; ఆ సంస్థ అనుమతిపత్రమిచ్చిన 90 దినములలో కోర్టుకెక్కవలెను. అలబామా రాష్ట్రమున గాడ్స్‌డెన్ నగరపు గుడ్‌ఇయర్ టైర్ల కర్మాగారములో 1979నుండి 1998 వరకు పనిచేసిన లిలీ లెడ్‌బెటర్‌కు, తనతో సమానమైన పదవిలోని పురుషులకన్న తనకు తక్కువ జీతము వచ్చుచున్నదని ఎవరో పేరు లేకుండ వ్రాసిన చీటీవలన చాల ఆలస్యముగా తెలిసెను. నాటికి ఆమె నెలజీతము 3,727 డాలరులు. అదే పనిచేయు మగవారిలో అత్యల్ప జీతగాని జీతము 4,286. జ్యూరీ ముప్పది లక్షలకు మించి ఇచ్చినది 3,60,000కు తగ్గినది; తుదకు 2007లో సుప్రీంకోర్టు అయిదుగురు నలుగురుగా చీలి, తొలిసారి జీతము తక్కువగా నిర్ణయించిన 180 దినములలో ఫిర్యాదు చేయలేదు గనుక ఆమెకు ఏమియు రాదని తేల్చెను. తెలియనిదానినిగూర్చి ఎట్లు ఫిర్యాదు చేయుదురని న్యాయమూర్తి రూత్ గిన్స్‌బర్గ్ తన అసమ్మతి పత్రమును కోర్టులో బిగ్గరగా చదివెను. 2009 జనవరి 29న బరాక్ ఒబామా అధ్యక్షుడుగా సంతకము చేసిన మొదటి చట్టము లెడ్‌బెటర్ పేరిటిదే. దాని ప్రకారము ప్రతి తక్కువ జీతపు చెల్లింపుతోను గడువు క్రొత్తగా ఆరంభమగును. ఆమెకు మాత్రము గుడ్‌ఇయర్ నుండి ఒక్క డాలరైనను రాలేదు. 2024లో ఆమె మరణించెను.

ఈ గడువుల సంగతి అమెరికాలోని మనవారికి ప్రాణప్రదమైనది. హెచ్-1బి వీసాపై పనిచేయువారికిని ఏడవ అధ్యాయపు రక్షణ పూర్తిగా కలదు. పౌరసత్వము లేదని ఆ రక్షణ పోదు. కాని ఉద్యోగము పోయిన నాటినుండి 60 దినములలోపల మరియొక యజమానిని వెదకుకొననియెడల దేశము విడువవలసి వచ్చును. ఫిర్యాదునకు 300 దినములున్నను, నిలిచియుండుటకు 60 దినములే యున్నవానికి ఆ 300 దినములు ఏమి ప్రయోజనము? అందుచే మనవారిలో అనేకులు అవమానమును దిగమింగి, గ్రీన్‌కార్డు చేతికి వచ్చువరకు నోరు మెదపక కాలము గడుపుచున్నారు. దీనిని పిరికితనమని నిందింపరాదు. యజమాని చేతిలో జీతముతోపాటు నివాసమును కూడ పెట్టిన విధానమే దీనికి కారణము.

ఈ విధానపు పరాకాష్ఠను సిగ్నల్ ఇంటర్నేషనల్ వ్యాజ్యమున చూడవచ్చును. కత్రీనా తుపాను పిమ్మట మిసిసిపి రాష్ట్రమందలి పాస్కగూలాలోను, టెక్సాసులోను గల ఆ నౌకానిర్మాణ సంస్థ, వెల్డర్లు, పైపుఫిట్టర్లు అయిన సుమారు 500 మంది భారతీయులను గ్రీన్‌కార్డు ఆశజూపి తాత్కాలిక వీసాలపై రప్పించెను. ఒక్కొక్కడు పదివేల డాలరులును అంతకు మించియు దళారులకు చెల్లించి, ఇండ్లు వాకిళ్లు తాకట్టుపెట్టి బయలుదేరెను. అక్కడ ఒక్క గదిలో ఇరువదినలుగురు వరకు క్రుక్కబడి, అందులకు నెలకు 1,050 డాలరులు జీతమునుండి కోల్పోవుచు, కావలివారి మధ్య జీవింపవలసి వచ్చెను. ఇతర పనివారికి ఇట్టి నిర్బంధము లేదు. అడిగినవారిని తిప్పి పంపుటకు ప్రయత్నించిరి. 2015 ఫిబ్రవరిలో న్యూ ఆర్లియన్స్ జ్యూరీ అయిదుగురు పనివారికి ఒకకోటి 40 లక్షల డాలరులు ఇప్పించెను. అదే సంవత్సరమున సంస్థ దివాలా తీసి, రెండు కోట్ల డాలరుల రాజీకి ఒప్పుకొని క్షమాపణ చెప్పెను. ఈఈఓసీ వేసిన దావాలో 476 మందికి 50 లక్షల డాలరులు వేరుగా నిర్ణయింపబడెను. మనుష్యుల అక్రమ రవాణాను నిషేధించు చట్టమును, 1866 శాసనమును కలిసి నిలిచినందుననే అంతటి మొత్తము సాధ్యమైనది. ఏడవ అధ్యాయమొక్కటియే ఆధారమైనచో పట్టిక అడ్డుతగిలెడిది.

మనవారు బాధితులే కారు, ప్రతివాదులుగా కూడ నిలువవలసి వచ్చినది. ఈ మాట చెప్పక దాటుట న్యాయము కాదు. హైదరాబాదు, చెన్నపట్టణములలో వేలాదిమందికి ఉద్యోగములిచ్చు కాగ్నిజెంట్ సంస్థ, భారతీయేతరులను పని లేక బెంచిమీద కూర్చుండబెట్టి తరువాత తీసివేయు పద్ధతిని వివక్షతో అనుసరించెనని 2024 అక్టోబరులో లాస్ ఏంజెలెస్ జ్యూరీ తేల్చి, దండన పరిహారము కూడ తగునని చెప్పెను. సంస్థ పై కోర్టునకు పోవుదుమని ప్రకటించెను. కులము పేరిట వివక్ష జరిగినదని కాలిఫోర్నియా ప్రభుత్వము 2020లో సిస్కో సంస్థపై దావా వేసెను. అందు పేర్కొనబడిన ఇద్దరు ఇంజనీర్లపై దావాను 2023లో తానే ఉపసంహరించుకొనెను. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరము కులవివక్షను నిషేధించిన తొలి అమెరికా నగరమయ్యెను. కాలిఫోర్నియా శాసనసభ చేసిన అట్టి బిల్లును ఆ సంవత్సరము అక్టోబరులో గవర్నరు తిరస్కరించెను. కులమును సముద్రము దాటించి మోసికొనిపోయినవారికి, దాని ఫలమును అనుభవించినవారికి నడుమ తీర్పు చెప్పుటకు అన్యదేశపు న్యాయస్థానములు శ్రమపడుచుండగా మనము అది మన సంగతి కాదనుట తగదు.

ఇక సంగ్రహముగా మరికొన్ని సంగతులు. గెలిచిన పనివాని వకీలు ఫీజును యజమానియే చెల్లింపవలెనన్న నియమము ఈ చట్టములలో మిక్కిలి మేలైనది. అది లేనియెడల పేదవాడు కోర్టు మెట్లు ఎక్కజాలడు. దానికి ఎదురుగా, ఉద్యోగములో చేరునాడే వివాదములన్నియు ప్రైవేటు మధ్యవర్తికే విడుతునని వ్రాయించుకొను ఒప్పందములను సుప్రీంకోర్టు 2001లోను, సామూహిక దావాలను కూడ మానుకొనుటకు వ్రాయించుకొనిన షరతులను 2018లోను సమర్థించెను. లైంగిక వేధింపుల విషయమున మాత్రము 2022లో చట్టసభ ఆ సంకెలను తెంచినది. ఆఫర్ లెటరుతో వచ్చు కాగితములను చదువకుండ సంతకము చేయువారు ఈ సంగతి ఎరుగుదురుగాక. 2024లో సుప్రీంకోర్టు, బదిలీవంటి మార్పులో గొప్ప నష్టము లేకున్నను కొంత నష్టమున్నచో దావాకు చాలునని చెప్పి పనివారికి ఒక తలుపు తెరచెను. మరుసటి యేటనే ప్రభుత్వము, గ్రిగ్స్ తీర్పు స్థాపించిన పరోక్ష వివక్షా సూత్రమును తాను అమలుచేయుట తగ్గింతునని కార్యనిర్వాహక ఆజ్ఞ వెలువరించి మరియొకటి మూసెను.

మన దేశపు స్థితి ఏమి? రాజ్యాంగములోని 14, 15, 16 అధికరణములు రాజ్యమును బంధించునవి. ప్రభుత్వోద్యోగి వాని బలమున హైకోర్టుకు వెళ్లవచ్చును. పెండ్లి చేసికొన్నదన్న కారణమున 1988లో సైనిక నర్సింగు సేవనుండి తొలగింపబడిన అధికారిణికి 60 లక్షల రూపాయలు ఇప్పింపుడని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పినది మెచ్చదగినదే. ముప్పదియారేండ్లు పట్టినదన్న సంగతి మాత్రము మరువరాదు. 2021లో సైన్యమందలి స్త్రీల శాశ్వత కమిషను వ్యాజ్యమున అదే కోర్టు పరోక్ష వివక్షను మన న్యాయశాస్త్రములో గుర్తించెను. అంతకు ముందు, 1981లో, ఎయిరిండియా పరిచారికలను తొలి గర్భముతోనే ఇంటికి పంపు నియమమును కొట్టివేసినదియు ఆ కోర్టే. నాలుగేండ్ల వరకు పెండ్లి కూడదను నియమమును ఆ తీర్పులోనే నిలిపినదియు అదే.

ప్రైవేటు ఉద్యోగికి ఈ ఆధారము లేదు. సాధారణ వివక్షా నిషేధ చట్టమే మనకు లేదు. 2006లో సచార్ సంఘము సమానావకాశ కమిషను కావలెనని సూచించినను అది రాలేదు. స్త్రీపురుషుల సమానవేతనమునకు 1976 నాటి చట్టము, దాని స్థానమున 2025 నవంబరునుండి అమలులోనికి వచ్చిన వేతనముల కోడు, దివ్యాంగులకు 2016 చట్టము, ఇట్లు ముక్కలు ముక్కలుగా రక్షణలు కలవు. వానిలో పలుచోట్ల శిక్షగా విధించు జరిమానా ప్రభుత్వ ఖజానాకు పోవును, బాధితునకు కాదు. పనిచోట లైంగిక వేధింపుల నిషేధమునకు 2013లో చేసిన చట్టము మానసిక వ్యథను, పోయిన ఉద్యోగావకాశమును, వైద్యవ్యయమును లెక్కించి పరిహారము నిర్ణయింపుమనుట శ్లాఘ్యము. కాని ఆ మొత్తమును వేధించిన వ్యక్తి జీతమునుండి తీయవలెను గాని సంస్థ చెల్లింపనక్కరలేదు, వాని ఆర్థికస్థితిని కూడ చూడవలెను. సంస్థకు ఖర్చు లేనిచో సంస్థ ఏల మారును? అన్యాయముగా తీసివేసినవానికి తిరిగి ఉద్యోగమును పూర్తి బకాయి వేతనమును ఇప్పించుట సామాన్య నియమమని 2013లో సుప్రీంకోర్టు చెప్పిన మాట అమెరికా ఆచరణకన్న ఉత్తమమైనది. అయితే కార్మిక చట్టముల రక్షణ కార్మికుడన్న నిర్వచనములో ఇమిడినవానికే గాని, మేనేజరను పేరు తగిలించిన ప్రతి సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి కాదు. కులము తెలిసిన పిమ్మట ఇంటర్వ్యూలో త్రోసివేయబడినవాడు, గర్భవతియని తెలిసి ప్రాజెక్టునుండి తప్పింపబడిన ఆమె హైదరాబాదులోగాని విశాఖపట్టణములోగాని ప్రైవేటు సంస్థపై ఏ చట్టము క్రింద ఎంత పరిహారము అడుగవలెనో చెప్పగల వకీలు అరుదు.

కార్మిక సంక్షేమము ఉమ్మడి జాబితాలోని విషయము. పార్లమెంటు చేయువరకు వేచియుండవలసిన అగత్యము రాష్ట్రములకు లేదు. ఐటీ పెట్టుబడులకై పోటీపడుచున్న తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ శాసనసభలు ప్రైవేటు ఉద్యోగములలో కులము, మతము, లింగము, గర్భధారణము, వైకల్యము, ప్రాంతము కారణముగా చూపు వివక్షను నిషేధించి, పరిహారమును సంస్థయే చెల్లించునట్లును, ఆ పరిహారమునకు పైపరిమితి లేనట్లును, గడువు అన్యాయము తెలిసిన దినమునుండి లెక్కింపబడునట్లును, గెలిచినవాని వకీలు ఫీజు యజమానిపై పడునట్లును ఒక చట్టము చేయవలెనని విన్నవించుచున్నాను. 1991 నాటి అమెరికా పట్టికను మాత్రము ఆదర్శముగా గైకొనవలదు.